ఫాల్స్ అనే ఊరి బిల్లు: సేవ్ యాజ్ బాక్స్‌తో నా అనుభవం

“ఏమ్మా, ఈ ఫాల్స్ అనేది ఏ ఊరు? ఏ రూట్‌లో ఉంది?”

మేనేజర్ గారు ఫోన్ చేసి ఇలా అడిగినప్పుడు నేను బస్సులో ఉన్నాను. వెనక సీట్లో పిల్లాడు ఏడుస్తున్నాడు, ముందు డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నాకు సరిగ్గా వినపడింది ‘ఫాల్స్’ అన్న మాట ఒక్కటే. మాది చిత్తూరు వైపు కాబట్టి వెంటనే తలకోన గుర్తొచ్చింది. “తలకోన ఫాల్స్ దగ్గర మనకు సెంటర్ లేదు కదా సార్” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. “అది కాదమ్మా. కంప్యూటర్‌లో ఫాల్స్ అని ఒక బిల్లు ఉంది. తెరిస్తే కొత్తపల్లి పాలు కనపడుతున్నాయి. కొత్తపల్లి పేరుతో మాత్రం ఫైలు లేదు. ఏజెంటు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు, నువ్వు త్వరగా రా” అన్నారు.

నేను ఒక పాల చిల్లింగ్ సెంటర్‌లో లెక్కలు చూస్తాను. 42 ఊళ్ళ నుంచి రెండు పూటలా పాలు వస్తాయి. నెలలో 1 నుంచి 15 దాకా ఒక బిల్లు, 16 నుంచి నెలాఖరు దాకా ఇంకో బిల్లు. ఏ పూట ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థం) ఎంత, రేటెంత, దాణా బాకీ, అడ్వాన్సు పోగా చేతికొచ్చేదెంత, ఇవీ అందులో ఉండేవి. ఊరికో షీటు చొప్పున అన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్లో ఉంటాయి. దాన్ని మేం పెద్ద బుక్కు అంటాం. అందులో ‘బిల్లులు’ అని ఒక బటన్. నొక్కితే మాక్రో, అంటే ఎక్సెల్ లోపల రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాము, ఒక్కో షీటును కొత్త బుక్కుగా కాపీ చేస్తుంది, సేవ్ యాజ్ బాక్స్ చూపించి పేరు అడుగుతుంది, సేవ్ చేస్తుంది, మూసేస్తుంది, తర్వాతి ఊరికి పోతుంది. ఆ ఫైళ్ళనే ఏజెంట్లకు వాట్సాప్‌లో పంపుతాం.

ఆ మాక్రో నేను రాసింది కాదు. నాకంటే ముందు పనిచేసినాయన రాసిపెట్టి వెళ్ళిపోయాడు. నేను బీకాం. ప్రోగ్రామింగ్ అంటే నాకు తెలిసింది రికార్డ్ మాక్రో నొక్కడం, ఆపడం. అంతవరకే. పనిచేస్తున్నంత కాలం దాని జోలికి ఎందుకు పోవాలి అనుకున్నాను.

ఆఫీసుకు వెళ్ళగానే మా ఆపరేటర్ కుర్రాణ్ణి అడిగాను. “నేనేం చేయలేదక్కా. పేరు టైప్ చేస్తుంటే తప్పు పడింది. క్యాన్సిల్ కొడితే మళ్ళీ అడుగుతుందిలే అనుకున్నా. ఇంకో ఊరు వచ్చేసింది” అన్నాడు. కొత్తపల్లి ఏజెంటుకు పెద్ద బుక్కులోని షీటు ప్రింట్ తీసి ఇచ్చి పంపించాను. తర్వాత ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి మాక్రో తెరిచాను.

మొదటి లైనే ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’. అంటే ఏ తప్పు జరిగినా పట్టించుకోకుండా తర్వాతి లైనుకు పో అని. రెండో లైను ‘అప్లికేషన్ డాట్ డిస్‌ప్లే అలర్ట్స్ ఈక్వల్ టు ఫాల్స్’. అంటే ఎక్సెల్ మనల్ని ఏదైనా అడగాలనుకుంటే అడగొద్దు, నీకు తోచింది చేసుకో అని. ఇంటికి కాపలా కుక్కను తెచ్చి, దాని నోటికి గుడ్డ కట్టి, గేటు తీసిపెట్టి పడుకున్నట్టుంది. నేను చేసిన మొదటి పని ఆ రెండు లైన్ల ముందు ఒక్కో సింగిల్ కొటేషన్ గుర్తు పెట్టి పక్కన పెట్టడం. మాక్రోలో ఎక్కడ తప్పుందో వెతికేవాళ్ళు ఇంకే పని చేయకముందు ఇది చేయాలి. లేకపోతే గుడ్డివాడు దారి చూపిస్తుంటే వెనక నడిచినట్టే.

తర్వాత ఎఫ్8 నొక్కుతూ ఒక్కో లైనూ నడిపించాను. వ్యూ మెనూలో లోకల్స్ విండో అని ఒకటుంటుంది. మాక్రో విలువలు దాచుకునే చోట్లను వేరియబుల్స్ అంటారు, నేను పెట్టెలంటాను. ఏ పెట్టెలో ఏ విలువ ఉందో అందులో కనపడుతుంది. సేవ్ యాజ్ బాక్స్ వచ్చింది. కుర్రాడు చేసినట్టే క్యాన్సిల్ కొట్టాను. లోకల్స్ విండోలో ‘పేరు’ అనే పెట్టె ఎదురుగా కొటేషన్ గుర్తుల మధ్య ఎఫ్, ఏ, ఎల్, ఎస్, ఈ అని అక్షరాలు. పక్కన దాని జాతి: స్ట్రింగ్. మళ్ళీ ఎఫ్8. సేవ్ లైను నడిచింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే ఫాల్స్ అనే ఫైలు కొత్త టైముతో కూర్చుని ఉంది.

అప్పుడు అర్థమైంది ఆ బాక్స్ సంగతి. దాన్ని తెప్పించే ఫంక్షన్ పేరు ‘గెట్ సేవ్ యాజ్ ఫైల్‌నేమ్’. పేరులోనే ఉంది, నేనే చూడలేదు. అది ఫైలు పేరు తెచ్చిపెడుతుంది, అంతే. సేవ్ చేయదు. బాక్స్‌లో సేవ్ బటన్ నొక్కినా ఏమీ సేవ్ కాదు. మనం ఎంచుకున్న ఫోల్డరూ పేరూ కలిపి ఒక వరుసగా మాక్రో చేతికి ఇస్తుంది. సేవ్ చేసేది ఆ తర్వాత వచ్చే ‘సేవ్ యాజ్’ అనే వేరే లైను. క్యాన్సిల్ కొడితే పేరు బదులు ఫాల్స్ అనే విలువ ఇస్తుంది. అది మాట కాదు, అవును-కాదుల్లో ‘కాదు’ అన్నమాట. బూలియన్ అంటారు. మా మాక్రోలో పేరు పెట్టెను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలు మాత్రమే పట్టేదిగా ప్రకటించారు. అందులో ‘కాదు’ను పోస్తే అది ఫాల్స్ అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాలుగా మారిపోయింది. మాక్రోకు అది కూడా ఒక ఊరి పేరే. ఫోల్డర్ చెప్పలేదు కాబట్టి అప్పటికి ఎక్సెల్ ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉంటే అక్కడ, మా దగ్గర డాక్యుమెంట్స్‌లో, పడేసింది.

ఇక్కడ నాకు కొంచెం సిగ్గేసిన విషయం ఒకటుంది. అలర్టులు ఆపేసి ఉన్నాయి కదా, ఎవరు ఎన్నిసార్లు క్యాన్సిల్ కొట్టినా ప్రతిసారీ పాత ఫాల్స్ మీదే కొత్త ఫాల్స్ పడుతుంది. కాబట్టి ఎప్పుడూ ఒక్క ఫైలే కనపడుతుంది. అంతకుముందు కూడా రెండు మూడుసార్లు ఏదో ఒక ఊరి బిల్లు రాలేదని ఏజెంట్లు గొడవ చేశారు. ప్రతిసారీ కుర్రాడు మర్చిపోయాడనే అనుకున్నాం. ఒకసారి నేనే గట్టిగా అరిచాను. ఆ రోజు టీ నేను తెప్పించాను, ఎందుకో అతనికి చెప్పలేదు.

ఇప్పుడు తప్పు తెలిసింది, సరిచేయడం రెండు నిమిషాల పని అనుకున్నాను. పేరు వచ్చే లైను కింద ‘పేరు ఫాల్స్ అయితే బయటికి వచ్చెయ్’ అని ఒక ఇఫ్ రాశాను. నడిపించి క్యాన్సిల్ కొట్టాను. బుద్ధిగా బయటికి వచ్చింది. మేనేజర్ గారిని పిలిచి చూపించాను కూడా. ఆయన “మరి సేవ్ కొట్టి చూపించు” అన్నారు. పేరు పెట్టి సేవ్ కొట్టాను. రన్‌టైమ్ ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్. నా ఇఫ్ లైను పసుపు రంగులో మెరుస్తోంది. ముందు క్యాన్సిల్ కొడితే తప్పు జరిగేది. ఇప్పుడు సేవ్ కొడితే తప్పు జరుగుతోంది.

కారణం మళ్ళీ ఆ పెట్టే. పెట్టె స్ట్రింగ్‌గానే ఉంది. క్యాన్సిల్ కొట్టినప్పుడు అందులో ఫాల్స్ అనే అక్షరాలు ఉంటాయి, వాటిని ‘కాదు’తో పోల్చగలదు. అదే అందులో డి డ్రైవ్ నుంచి మొదలయ్యే పెద్ద చిరునామా ఉంటే దాన్ని అవునుగానో కాదుగానో ఎలా మారుస్తుంది? మార్చలేక ఆగిపోతుంది. పెట్టెను వేరియంట్‌గా ప్రకటించాలి. వేరియంట్ ఏది పోస్తే దాన్ని దాని జాతితోనే ఉంచుతుంది. అక్షరాలొస్తే అక్షరాలు, ‘కాదు’ వస్తే ‘కాదు’. స్ట్రింగ్ అన్న ఒక్క మాట తీసి వేరియంట్ అని రాశాను. రెండు బటన్లూ పనిచేశాయి.

పోల్చడం కూడా తర్వాత మార్చుకున్నాను. విలువ ఫాల్సా కాదా అని కాకుండా, ‘వార్‌టైప్’ అనే ఫంక్షన్‌తో వచ్చింది బూలియన్ జాతా కాదా అని అడుగుతున్నాను. మనిషి ఏమన్నాడో వినకముందే గొంతును బట్టి ఎవరో గుర్తుపట్టినట్టు. ఈ పద్ధతిలో గందరగోళానికి చోటు లేదు. మీకు అనుమానముంటే కంట్రోల్, జి నొక్కి ఇమ్మీడియట్ విండో తెరిచి, ప్రశ్న గుర్తు వేసి టైప్‌నేమ్ అడగండి. ఏ జాతో చెప్తుంది.

క్యాన్సిల్ కొడితే ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. మాక్రో మొత్తం ఆగిపోతే 42లో 17వ ఊరి దగ్గర ఆగిందనుకోండి, మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఏమీ అనకుండా తర్వాతి ఊరికి పోతే కొత్తపల్లి కథే. అందుకని “ఈ ఊరు వదిలెయ్యాలా?” అని అడిగి, అవునంటే ఆ ఊరి పేరు ఒక పక్క షీట్లో రాసుకుని ముందుకు పోయేలా, కాదంటే అదే ఊరికి మళ్ళీ బాక్స్ తెరిచేలా పెట్టాను. కుర్రాడు మొదట అనుకున్నది అదే కదా, మళ్ళీ అడుగుతుందిలే అని. అతను అనుకున్నదే న్యాయం.

తర్వాతి ఇబ్బంది ఫైలు రకాలతో వచ్చింది. బిల్లులన్నీ అయ్యాక పెద్ద బుక్కును కూడా ఆ పక్షం తేదీతో ఒక కాపీ దాచాలి. పనిచేస్తున్న లైన్లే కదా అని ఇక్కడా వాటినే వాడాను. 1004 ఎర్రర్. ఎంచుకున్న ఫైలు రకానికి ఈ ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలు) వాడకూడదని మెసేజ్. ఎక్సెల్ 2007 నుంచి మాక్రోలు లేని బుక్కు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, మాక్రోలున్న బుక్కు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం. సేవ్ యాజ్ లైన్లో ఫైల్ ఫార్మాట్ అని ఒక అంకె ఇవ్వాలి: ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌కు 51, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎంకు 52, పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌కు 56, సీఎస్‌వీకి 6. నేను ఊళ్ళ బిల్లులకు వాడిన 51నే పెద్ద బుక్కుకూ ఇచ్చి, పేరు చివర మాత్రం ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం పెట్టాను. చీటీ మీద పెరుగు అని రాసి పాలు ఇచ్చినట్టు. పేరు చివరి అక్షరాలూ, అంకే ఒకటే మాట చెప్పాలి.

బాక్స్‌లో కనపడే ఫైలు రకం సంగతి కూడా చాలామంది పొరబడతారు. నేనూ పడ్డాను. బాక్స్ కింద ‘సేవ్ యాజ్ టైప్’ దగ్గర మనం ఏది ఎంచుకున్నా అది ఫైలు రకాన్ని మార్చదు. పేరు చివర ఏముండాలో మాత్రమే తేలుస్తుంది. రకాన్ని మార్చేది ఆ అంకె. కాబట్టి వాడేవాళ్ళకు ఎంపిక ఇవ్వదలిస్తే, తిరిగొచ్చిన పేరు చివర చూసి, దానికి తగ్గ అంకె మనమే ఎంచుకోవాలి. మా దగ్గర ఆ అవసరం లేదు కనుక ఫిల్టర్‌లో, అంటే బాక్స్ చూపించే రకాల జాబితాలో, ఒకే రకం ఉంచేశాను. ఆ ఫిల్టర్ రాసే తీరు కూడా చెప్పాలి: బయటికి కనపడే పేరు, కామా, తర్వాత నక్షత్రం, చుక్క, ఎక్స్‌టెన్షన్. ఇవి జంటలు జంటలుగా ఉండాలి. జంటలో ఒకటి తప్పిపోతే బాక్స్ రాకముందే ఎర్రర్ వస్తుంది.

ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. ‘ఫైల్ డైలాగ్’ అని ఇంకో పద్ధతి ఉందని తెలిసి, అది ఇంకా బాగుంటుందేమోనని ఒక ఆదివారం దాంతో కూర్చున్నాను. అందులోనూ సేవ్ యాజ్ బాక్స్ వస్తుంది. ఫిల్టర్ పెట్టబోతే ఎర్రర్. ఫైళ్ళు తెరిచే బాక్స్‌కు ఫిల్టర్లు మనం పెట్టుకోవచ్చు, సేవ్ చేసే బాక్స్‌కు పెట్టడానికి లేదని అప్పుడు తెలిసింది. సరే, ఫిల్టర్ లేకుండానే నడిపించాను. బాక్స్ వచ్చింది, సేవ్ నొక్కాను, ఫైలు ఎక్కడా లేదు. ‘షో’ అన్న లైను బాక్స్‌ను చూపించి, సేవ్ నొక్కితే మైనస్ 1, క్యాన్సిల్ కొడితే 0 ఇచ్చి ఊరుకుంటుంది. సేవ్ కావాలంటే ఆ తర్వాత ‘ఎగ్జిక్యూట్’ అని ఇంకో లైను రాయాలి. రాశాను. ఈసారి సేవ్ అయింది. కానీ ఏది? ఎగ్జిక్యూట్ సేవ్ చేసేది ఆ క్షణాన ముందున్న బుక్కును. పరీక్ష కోసం షీటు కాపీ చేసే లైను నేనే ఆపి ఉంచాను. కాబట్టి ముందున్నది పెద్ద బుక్కు. పైన టైటిల్ దగ్గర చూస్తే పెద్ద బుక్కు పేరు పోయి ‘పరీక్ష’ అని ఉంది. గుండె ఝల్లుమంది.

నిజానికి డిస్క్ మీద పెద్ద బుక్కు క్షేమంగానే ఉంది. సేవ్ యాజ్ చేస్తే తెరిచి ఉన్న బుక్కు కొత్త ఫైలుగా మారిపోతుంది, పాతది చివరిసారి సేవ్ చేసిన స్థితిలో అలాగే ఉండిపోతుంది. అది గుర్తొచ్చేదాకా మాత్రం చేతులు ఆడలేదు. ఆ రోజు నుంచి పెద్ద బుక్కు కాపీకి సేవ్ యాజ్ వాడటం మానేసి ‘సేవ్ కాపీ యాజ్’ వాడుతున్నాను. అది పక్కన ఒక కాపీ పడేస్తుంది, తెరిచి ఉన్నదాని పేరు మారదు. అదే రకంలో మాత్రమే కాపీ చేస్తుంది, మాకు కావలసిందీ అదే. ముందున్న బుక్కు అనే మాట మీద కూడా నమ్మకం పోయింది. షీటు కాపీ చేసిన వెంటనే వచ్చిన కొత్త బుక్కును ఒక పేరున్న పెట్టెలో పట్టుకుని, తర్వాత ప్రతి లైన్లో ఆ పేరుతోనే పిలుస్తున్నాను.

ఇదంతా చేశాక కూడా కుర్రాడి ముఖంలో సంతోషం లేదు. ఏమైందంటే, “ఇంకా 42 సార్లు సేవ్ కొట్టాలి కదక్కా” అన్నాడు. నిజమే. ఊరి పేరు షీట్లోనే ఉంది. తేదీ షీట్లోనే ఉంది. ఫోల్డర్ అన్నిటికీ ఒకటే. మాక్రోకు తెలిసిన సంగతులనే మనిషిని 42 సార్లు అడగడం ఎందుకు? మనిషిని అడగాల్సింది ఒక్కటే, ఏ ఫోల్డర్ అని. దానికి అదే ఫైల్ డైలాగ్‌లో ఫోల్డర్ ఎంచుకునే రకం ఉంది. మైనస్ 1 వస్తే ఎంచుకున్న మొదటి అంశాన్ని తీసుకోవాలి, 0 వస్తే మాక్రో ఆగిపోవాలి. చివర ఒక వెనక్కి వంగిన గీత మనమే కలుపుకోవాలి, అది మర్చిపోతే ఫోల్డర్ పేరూ ఊరి పేరూ అతుక్కుపోయి ఫైళ్ళు ఒక మెట్టు పైన ఫోల్డర్‌లో పడతాయి. నాకు ఒకసారి అలా పడ్డాయి.

ఊళ్ళ పేర్లు షీట్లలో తెలుగులో ఉంటాయి, ఎందుకంటే బిల్లు చదివేది రైతులూ ఏజెంట్లూ. కాబట్టి ఫైళ్ళకూ తెలుగు పేర్లే వస్తాయి. అలర్టులు మళ్ళీ పనిచేయిస్తున్నాను కనుక, ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే ఎక్సెల్ “దీని మీద రాసెయ్యాలా?” అని అడుగుతుంది. నో కొడితే సేవ్ యాజ్ లైను 1004 ఎర్రర్‌తో పడిపోతుంది. అందుకని సేవ్ చేసేముందు ‘డిర్’ అనే ఫంక్షన్‌తో ఆ ఫైలు ఉందో లేదో నేనే చూసుకుంటే సరిపోతుంది అనుకున్నాను.

ఖాళీ ఫోల్డర్ పెట్టి నడిపించాను. కొత్తపల్లి సేవ్ అయింది. రామాపురం సేవ్ అయింది. వెంకటాపురం దగ్గరికి రాగానే, ఈ ఫైలు ఇప్పటికే ఉంది అని మెసేజ్. ఫోల్డర్ తెరిచి చూశాను. ఉన్నవి రెండే ఫైళ్ళు, వెంకటాపురం లేదు. మళ్ళీ నడిపించాను, మళ్ళీ అదే. రామాపురానికి రాని అనుమానం వెంకటాపురానికి ఎందుకు వచ్చింది? గొల్లపల్లి దగ్గర కూడా అదే మెసేజ్.

ఆధారం ఆ మెసేజ్ బాక్స్‌లోనే ఉంది. అందులో ఊరి పేరు చూపించమని రాశాను. తెలుగు బదులు వరసగా ప్రశ్న గుర్తులు వచ్చాయి. నేను దాన్ని ఫాంటు గొడవ అనుకుని వదిలేశాను. రాత్రి పడుకున్నాక తట్టింది. మర్నాడు ఆ గుర్తులు లెక్కపెట్టాను. వెంకటాపురానికి 10. కాగితం మీద విడదీసి రాశాను: వ, ఎత్వం, సున్నా, క, ట, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా. పది. కొత్తపల్లి: క, ఒత్వం, త, పొల్లు, త, ప, ల, పొల్లు, ల, గుడి. అదీ పదే. గొల్లపల్లి కూడా పది. రామాపురం ఎనిమిది.

మాక్రోలు రాసే భాష విజువల్ బేసిక్. అందులోని పాత ఫంక్షన్లకు తెలుగు తెలియదు. ఎక్సెల్ గడిలో తెలుగు చక్కగా ఉంటుంది, సేవ్ యాజ్‌కు ఇస్తే తెలుగు పేరుతోనే సేవ్ అవుతుంది. కానీ మాక్రో రాసే ఎడిటర్‌లో తెలుగు అతికిస్తే ప్రశ్న గుర్తులు, మెసేజ్ బాక్స్‌లో ప్రశ్న గుర్తులు, డిర్‌కు ఇస్తే దానికి అందేవీ ప్రశ్న గుర్తులే. డిర్‌కు ప్రశ్న గుర్తు అంటే ‘ఇక్కడ ఏ అక్షరమైనా సరే’ అని అర్థం. కాబట్టి నేను వెంకటాపురం ఉందా అని అడిగితే, దానికి వినపడింది ‘ఏవైనా పది అక్షరాలు, తర్వాత ఈ తేదీ’ అని. కొత్తపల్లి ఫైలు ఉంది కదా, ఉంది అని చెప్పింది. దాని తప్పేం లేదు. ఇంగ్లిష్ పేర్లు వాడేవాళ్ళకు జన్మలో ఈ సమస్య రాదు కాబట్టి దీని గురించి చెప్పేవాళ్ళూ తక్కువ.

పరిష్కారం చిన్నది. డిర్ బదులు ‘ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్’ వాడి, అందులోని ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ను అడగాలి. దానికి తెలుగు వస్తుంది. మెసేజ్ బాక్స్‌లో ఊరి పేరు చూపించడం మానేశాను. ఏ ఊరు సేవ్ అయిందో, ఏది ముందే ఉందో ఒక షీట్లో ఒక్కో గడిలో రాయిస్తున్నాను. గడిలో తెలుగు తెలుగులాగే ఉంటుంది. పైగా ఏం జరిగిందో తర్వాత చూసుకోవడానికి ఆధారం కూడా మిగులుతుంది.

అంతా అయిందనుకుని మేనేజర్ గారి కంప్యూటర్‌లో పెట్టాను. మొదటి ఊరికే 1004. నా దగ్గర ఒక్క ఎర్రర్ రాని మాక్రో అక్కడ ఒక్క ఫైలూ సేవ్ చేయలేదు. ఇది వెంటనే దొరికింది. ఫైలు పేరులో తేదీని నేరుగా అతికించాను. నేరుగా అతికిస్తే ఆ కంప్యూటర్‌లో తేదీ ఎలా రాసుకుంటే అలా వస్తుంది. నా దాంట్లో రోజుకూ నెలకూ మధ్య చిన్న అడ్డగీత. ఆయన దాంట్లో అమెరికా పద్ధతి, మధ్యలో వాలుగీత. వాలుగీత ఫైలు పేరులో ఉండకూడదు. రెండు రకాల వాలుగీతలు, కోలన్, నక్షత్రం, ప్రశ్న గుర్తు, జంట కొటేషన్, రెండు కోణపు గుర్తులు, నిలువు గీత, ఈ తొమ్మిదీ విండోస్‌లో ఫైలు పేరుకు నిషిద్ధం. ‘ఫార్మాట్’ ఫంక్షన్‌తో రోజు, నెల, సంవత్సరం మధ్య అడ్డగీత అని గట్టిగా చెప్పేశాను. ఊరి పేరు గడిలోంచి వచ్చే మాటలోనూ ఈ తొమ్మిదీ ఉంటే అడ్డగీతగా మార్చే నాలుగు లైన్లు పెట్టాను. ‘రామాపురం/హరిజనవాడ’ అని రాసుకున్న షీటు ఒకటి ఉందిలెండి.

ఆయన కంప్యూటర్‌లోనే ఇంకో చిక్కు. పెద్ద బుక్కు ఆయన వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ) ఫోల్డర్‌లో ఉంది. ఫోల్డర్ బాక్స్ మొదట ఎక్కడ తెరుచుకోవాలో చెప్పడానికి నేను బుక్కు ఉన్న చోటునే ఇచ్చాను. వన్‌డ్రైవ్‌లో ఉన్న బుక్కును ‘నువ్వెక్కడున్నావు’ అని అడిగితే సి డ్రైవ్ అని చెప్పదు, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే వెబ్ అడ్రస్ చెప్తుంది. ఫైల్ ఎగ్జిస్ట్స్ లాంటివాటికి ఆ అడ్రస్ ఇస్తే ఎప్పుడూ లేదు అనే అంటాయి. దీనికి నేను పెద్ద తెలివేమీ చూపించలేదు. చివరిసారి ఎంచుకున్న ఫోల్డర్‌ను ఒక గడిలో రాసిపెట్టుకుని, మళ్ళీసారి అక్కడ తెరుస్తున్నాను.

అంతకుముందు ఈ పనికి ‘సీహెచ్ డిర్’ వాడి చూశాను. డి డ్రైవ్‌లో ఫోల్డర్ ఇచ్చినా బాక్స్ సి డ్రైవ్‌లోనే తెరుచుకునేది. అది ఫోల్డర్‌ను మారుస్తుంది గానీ డ్రైవ్‌ను మార్చదు, దానికి ‘సీహెచ్ డ్రైవ్’ అని ఇంకోటి కావాలి. ఆ గొడవంతా లేకుండా బాక్స్‌లో మొదట కనపడాల్సిన పేరు ఇచ్చే చోటే (ఇనీషియల్ ఫైల్‌నేమ్ అంటారు) పూర్తి చిరునామా ఇచ్చేస్తే నేరుగా అక్కడే తెరుచుకుంటుంది. చిరునామా మరీ పొడుగైతే అదో సంగతి, ఫైలు పేరుతో కలిపి 218 అక్షరాలు దాటితే ఎక్సెల్ ఒప్పుకోదు. ‘2023-24 పాత బిల్లులు కొత్త కాపీ చివరిది’ లాంటి ఫోల్డర్లు పెట్టేవాళ్ళు గమనించాలి.

పోయిన పక్షం బిల్లులకు నేను సెలవులో ఉన్నాను. మా చెల్లెలి సీమంతం. సాయంత్రం కుర్రాడి ఫోన్. “అక్కా, ఫోల్డర్ అడిగినప్పుడు పొరపాటున క్యాన్సిల్ కొట్టాను.”

“ఏమొచ్చింది?”

“ఆపేశారు, ఏదీ సేవ్ కాలేదు అని గడిలో వచ్చింది. తెలుగులోనే.”

“డాక్యుమెంట్స్‌లో ఫాల్స్ ఉందేమో చూడు.”

మౌస్ నొక్కుతున్న చప్పుడు వినపడింది. “ఉందక్కా.”

నాకు నోట మాట రాలేదు. అంతలో అతనే, “మార్చి నెలదక్కా. పాతది. తీసేయనా?” అన్నాడు.

తీసేయొద్దని చెప్పి, మళ్ళీ బటన్ నొక్కమన్నాను.